చుక్కయ్య లోపలి మనిషి

కిందటి వారం మనం ఆపినచోట, నాగదుర్గ కువైట్‌లోని ఖైతాన్‌లో బస్సు దిగింది. ఆమె ఫోనులో ఒక పాత ఉత్తరం ఫొటో ఉంది. ఆ ఉత్తరం కింద సంతకం మస్తాన్ వలిది. దారి పొడుగునా దాన్ని ఎన్నిసార్లు తీసి చూసిందో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ ఆ సంతకం ఇంకెవరిదైనా అయితే బాగుండుననుకుంది.

ఇరవై ఎనిమిదేళ్ల కిందట రాయచోటి పక్కన ఎర్రరాళ్ల గుట్టల్లో ‘ఎర్రలోకం’ అని ఒక టీవీ సీరియల్ తీశారు. దారి తప్పి వేరే గ్రహానికి వెళ్లిన నలుగురు పిల్లల కథ అది. అక్కడ వాళ్లకు తోడు దొరికిన మరమనిషి పేరు చుక్కయ్య. రేకులు కొట్టి చుక్కయ్యను తయారుచేసినవాడు మస్తాన్ వలి. అప్పుడతను రాయచోటి బస్టాండు దగ్గర టింకరింగ్ షెడ్డులో పనివాడు. ఆ రేకుల లోపల నిలబడి నడిచింది పన్నెండేళ్ల నాగదుర్గ. లోపల మనిషి ఉన్నట్టు ఎవరికీ చెప్పకూడదని డైరెక్టరు నరసింహులు ఆ పిల్ల చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆమె ఆ ఒట్టు తప్పలేదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

ఇప్పుడు నాగదుర్గ కువైట్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. మస్తాన్ వలి అక్కడే షువైఖ్‌లో ఒక గ్యారేజీలో ఇరవై ఆరేళ్లుగా కార్ల సొట్టలు తీసే డెంటింగ్ పని చేసి, వచ్చే నెల వీసా క్యాన్సిల్ చేసుకుని ఊరికి పోతున్నాడు. డైరెక్టరు ఇప్పుడు లేడు. ఆయన కూతురు జ్యోతిలక్ష్మి పాత టేపులు బాగుచేయించి, సీరియల్‌తో పాటు దానికి వచ్చిన బహుమతుల జాబితా కూడా ఇంటర్నెట్‌లో పెట్టింది. మూడు బహుమతులు, ఐదు నామినేషన్లు. ఆ ఐదోది దగ్గర నాగదుర్గ ఆగిపోయింది. ఉత్తమ బాలనటి: కె. నాగదుర్గ. పక్కన చిన్న అక్షరాల్లో ‘పేరు తొలగించబడింది’ అని ఉంది. ఎందుకు తొలగించారని అడిగితే జ్యోతిలక్ష్మి ఆ ఉత్తరం ఫొటో పంపింది.

ఇక ఖైతాన్‌లో ఏం జరిగిందో చూద్దాం.

* * *

మూడో అంతస్తు ఎక్కేసరికి నాగదుర్గకు ఆయాసం వచ్చింది. తలుపు తీసింది పెంచల్. మస్తాన్ వలితో పాటు అదే గదిలో ఉండే డ్రైవరు అతను.

“రాక్కా. అన్న జుమ్మా నమాజుకు పోయినాడు, వచ్చేస్తాడు. నువ్వొస్తున్నావని పొద్దున్నే షర్క్ చేపల మార్కెట్టుకు పోయి చేపలు తెచ్చి తానే వండినాడు. నన్ను పొయ్యి దగ్గరికి కూడా రానీలా.”

గదిలో నాలుగు మంచాలు, గోడకు బట్టల తాళ్లు. మస్తాన్ వలి మంచం మీద సగం సర్దిన సూట్‌కేసు తెరిచి ఉంది. బల్ల మీద రంగుల కాగితాలు దొంతరగా ఉన్నాయి. పెంచల్ అందులోంచి ఒకటి తీసి సంబరంగా ఆమె చేతికిచ్చాడు.

“వచ్చే శుక్రవారం అన్నకు సన్మానం. మన కడపోళ్లు, రాయచోటోళ్లు అందరూ వస్తాండారు. హాలు కూడా మాట్లాడినాం. చూడు, ఎట్లుండాదో.”

కాగితం మీద మస్తాన్ వలి ఫొటో పెద్దదిగా ఉంది. దాని పక్కన చుక్కయ్య. కింద అక్షరాలు: ‘చుక్కయ్య సృష్టికర్త, ఉత్తమ సాంకేతిక నైపుణ్యం బహుమతి గ్రహీత మస్తాన్ వలి గారికి వీడ్కోలు సత్కారం.’

ఫొటోలో చుక్కయ్య తల ఎడమ పక్కకు కొంచెం వంచి ఉంది. నాగదుర్గ ఆ వంపు వైపే చూస్తూ కూర్చుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మస్తాన్ వలి లోపలికొచ్చాడు. తెల్ల టోపీ, తెల్ల లాల్చీ, చేతిలో వేడి కుబ్బూస్ రొట్టెల సంచి. ఆమెను చూడగానే అతని ముఖమంతా నవ్వయింది.

“వచ్చినావా పాపా! మీ ఇంటి మేడమ్ సెలవిచ్చిందా? రేయ్ పెంచలూ, కింద బకాలా అంగట్లో పెరుగు తేపో. పాపకు పెరుగు లేకుంటే ముద్ద దిగదు.”

నలభై ఏళ్ల మనిషిని పాపా అని పిలిచేవాడు ఈ దేశంలో అతనొక్కడే. పెంచల్ వెళ్లిపోయాడు. మస్తాన్ వలి నేల మీద ప్లాస్టిక్ గుడ్డ పరిచి, చేపల గిన్నె తెచ్చి మధ్యలో పెట్టాడు.

“ఉప్పు చూసి చెప్పు.”

“తర్వాత చూస్తా. ముందు నువ్విది చూడన్నా.”

ఆమె ఫోను అతని ముందు పెట్టింది. అతను కళ్లద్దాలు తీసి పెట్టుకుని, ఫోను దూరంగా పట్టుకున్నాడు. చదువుతున్నప్పుడు పెదవులు కదిలాయి. మధ్యలో ఆగిపోయాయి. అతను పూర్తిగా చదవలేదు, చదవాల్సిన అవసరం లేదని ఆమెకు అర్థమైంది. ఆ మాటలు అతనికి నోటికి వచ్చినవే.

“పైకి చదువన్నా.”

“వద్దు పాపా.”

“నువ్వు చదవకుంటే నేను చదువుతా. ‘చుక్కయ్య అనునది పూర్తిగా యంత్రము. దాని లోపల మనుషులెవరూ లేరు. నాగదుర్గ అను బాలిక షూటింగులో నీళ్లు మోయుటకు మాత్రమే వచ్చినది.’” చదవడం ఆపి ఆమె అతని ముఖంలోకి చూసింది. “లోపల ఎవరూ లేరని రాస్తివి. సరే. సారు ఒట్టు పెట్టించినాడు, నీకూ పెట్టించినాడేమో అనుకున్నా. కానీ నీళ్లు మోసేదానికి వచ్చిందని ఎందుకు రాసినావు? అది ఎవరు చెప్పమన్నారు నీకు?”

మస్తాన్ వలి కళ్లద్దాలు తీసేశాడు. టోపీ కూడా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“ఎవురూ చెప్పలా. నేనే రాసినా.”

* * *

పక్కగదిలో ఎవరో మలయాళంలో ఫోను మాట్లాడుతున్నారు. తర్వాత మస్తాన్ వలి మెల్లగా మొదలుపెట్టాడు.

“సీరియల్ అయిపోయి సంవత్సరమైంది. సారు జీపులో మా షెడ్డుకొచ్చినాడు. బాలల టీవీ ఉత్సవంలో ఎర్రలోకానికి శానా వచ్చినాయి వలీ అన్నాడు. ఉత్తమ సీరియల్ వచ్చింది, సౌండుకొచ్చింది, చుక్కయ్యను చేసినందుకు నీ పేరు మీదొచ్చింది అన్నాడు. నేను నమ్మలా పాపా. బస్సులకు సొట్టలు తీసేటోన్ని. నాకు బహుమతేంది? సారు కాయితం తీసి చదివినాడు. ‘యంత్రానికి తల వంచి ఆలోచించడం నేర్పిన అపూర్వమైన పనితనానికి’ అని ఉండాది అందులో.”

ఆ వాక్యం చెప్పేటప్పుడు ఇన్నేళ్ల తర్వాత కూడా అతని గొంతులో చిన్న మెరుపు వచ్చింది. వెంటనే ఆరిపోయింది.

“తల వంచింది నేను గదన్నా,” అంది నాగదుర్గ.

“నువ్వే.”

“కుడికంటి కాడ నువ్వు స్కూటరు లైటు పెడితివి. ఆ పక్క నాకంతా చీకటి. ఎడమ పక్కన బెజ్జం ఒకటే. మాట్లాడే పిల్లోల్ల మొగం కనపడాలంటే తల వంచల్ల. వంచి, చూసి, ఆ తర్వాత చెయ్యెత్తేదాన్ని. అది ఆలోచించడం కాదన్నా, వెతుక్కోవడం.”

“నాకు తెల్సు.”

“ఎండకు రేకు కాలిపోయేది. భుజాలు బొబ్బలెక్కేవి. షాటుకు షాటుకు మధ్యన మాయమ్మ తడిగుడ్డ తెచ్చి నా నెత్తిన ఏసేది. నువ్వు నా చుట్టూ కూలర్ ఫ్యాను పట్టుకోని తిరిగేటోనివి. గుర్తుండాదా?”

“గుర్తు లేకేమి. గుట్ట మీద నువ్వు పడిపోయిన దినం గూడా గుర్తుండాది. రేకు సొట్టపోయింది. అందరూ సొట్ట చూస్తాంటే మీయమ్మ అరిచింది, లోపల నా బిడ్డుంది గదరా అని.” మస్తాన్ వలి నవ్వబోయి ఆగాడు. “మూత తీస్తే నువ్వు నవ్వుతాండావు. నోటి నిండా ఎర్రమట్టి. ఇంకోసారి చేద్దామన్నా అన్నావు.”

నాగదుర్గకు కూడా నవ్వు వచ్చింది. ఆ గుట్టల ఎరుపు, మధ్యాహ్నం అందరికీ కలిపి పెట్టే పులుసన్నం, మూత తీయగానే ముఖానికి తగిలే గాలి... ఎన్ని దినాలు ఆ నలభై రోజుల షూటింగుని తలుచుకుని నిద్రపోయిందో! కువైట్‌లో మొదటి ఇంట్లో పని ఘోరంగా ఉన్నప్పుడు, వంటింటి పక్కన కిటికీ లేని గదిలో పడుకుని, ఇది కూడా చుక్కయ్య డబ్బానే, మూత తీస్తారు, గాలి వస్తుంది అనుకునేది.

“సీరియల్ వచ్చేటప్పుడు పంచాయతీ ఆఫీసు ముందర ఊరంతా కూర్చునేది,” అందామె. “నేను గూడా కింద కూర్చోని చూసేదాన్ని. చుక్కయ్య తల వంచితే అందరూ చప్పట్లు. మర్నాడు బళ్లో పిలకాయలంతా తల వంచుతా తిరిగేటోళ్లు. నేనూ వంచితే మా క్లాసు పిల్ల ఏమన్నదో తెల్సునా? ‘నీకు రావడం లేదే, చుక్కయ్య అట్ల వంచడు’ అనింది.”

మస్తాన్ వలి తల దించుకున్నాడు.

“ఆ పిల్లకు చెప్పల్లని నోటిదాకా వచ్చేది. చెప్పలా. మనూరి పిలకాయలకు చుక్కయ్య నిజంగా ఉండల్లని సారు చెప్పినాడు గదా, అందుకని. కానీ ఎక్కడో హైదరాబాదులో పెద్దోళ్లు కూర్చోని, ఆ రేకుల్లో ఒక బిడ్డ ఉందని కనుక్కుని, ఆ బిడ్డ పేరు రాసినారంట. నాకు తెలియనే తెలియలా. నా పేరు ఒక కాయితం మీద ఎక్కిన సంగతి ఇన్నేండ్లలో నాకు తెలియలా.”

“నీ పేరుంటే నాది పోతాది పాపా,” అన్నాడు మస్తాన్ వలి. “లోపల మనిషుంటే అది యంత్రం కాదు గదా. బాలనటి కింద నీ పేరు వచ్చినాక ఉత్సవమోళ్లు సారును అడిగినారు. ఏది నిజమో రాసియ్యండి అని. సారు నా కాడికొచ్చి కూర్చున్నాడు. ఏం చేద్దాం వలీ అన్నాడు. ఆయన నన్ను బలవంతం చెయ్యలా. చచ్చిపోయిన మనిషి మీదికి నెట్టను. నేనే, రాసిస్తా సార్ అన్నా. రాసేటప్పుడు, ఈ పిల్ల ఎవరు, అక్కడేం చేసిందని మళ్లా అడుగుతారని, ఆ నీళ్ల మాట గూడా రాసినా.”

“చప్పట్ల కోసమా?”

“చప్పట్ల కోసమే.” అతను దాచుకోలేదు. “హైదరాబాదులో స్టేజీ మీదికి పిలిచినారు. కోటు గూడా వేరేవాళ్లది. రేకు కొట్టే చప్పుడు తప్ప నా పనికి ఇంకో చప్పుడు ఎప్పుడూ వినలా నేను. అంత మంది చప్పట్లు కొడతాంటే నాకు ఏడుపొచ్చింది. ఆ ఫొటో చూసే ఇక్కడి కఫీల్, మా గ్యారేజీ యజమాని, నన్ను పనికి తెచ్చుకున్నాడు. ఇరవై ఆరేండ్లు ఆ ఫొటో మీదనే బతికినా.”

నాగదుర్గ చేపల గిన్నె పక్కకు జరిపింది. తర్వాత అడిగింది. అడగడానికే ఇంత దూరం వచ్చిన మాట అది.

“తొమ్మిదేండ్ల కిందట నేను ఆ మొదటి ఇంట్లోంచి బయటపడి, దిక్కు తెలీక నీకు ఫోన్ చేస్తే, పని నిలబెట్టి వచ్చినావు. నెలంతా తిరిగి మంచి ఇల్లు చూసినావు. ఈ దేశంలో ఉండేదానికి నా ఇఖామా కార్డు నాకు దొరికేదాకా నిద్రపోలా. నాకు నాయన లేడు, అన్న లేడు. నువ్వే అనుకున్నా. అదంతా ఈ కాయితానికి బదులా?”

మస్తాన్ వలికి అబద్ధం చెప్పడానికి వీలున్న క్షణం అది. లేదు పాపా అంటే ఆమె నమ్మేది, నమ్మాలనే ఆమె ఆశ.

“మొదట బదులే,” అన్నాడు. “ఫోనులో నీ గొంతు వినంగానే భయపడినా. దేవుడు లెక్క అడుగుతాండాడు అనుకున్నా. నీకు ఇల్లు చూసి ఖలాస్ అనుకుంటే అయిపోతాది అనుకున్నా. ఆ తర్వాత శుక్రవారం శుక్రవారం వస్తాంటివి. చేపల్లో ఉప్పు తక్కువంటాంటివి. ఎప్పటినుంచో చెప్పలేను, బదులు అనేది మర్సిపోయినా. అది నిజం.”

ఆమె కళ్లు తుడుచుకుంది. ఆ నిజం ఆమెకు నొప్పి కలిగించింది. అయినా అబద్ధం కంటే అదే తేలికగా అనిపించింది.

* * *

మస్తాన్ వలి లేచి సూట్‌కేసు అడుగునుంచి ఒక మూట తీశాడు. లుంగీలో చుట్టిన ఇత్తడి జ్ఞాపిక. ఎగురుతున్న పిట్ట బొమ్మ, కింద అతని పేరు.

“తీసుకో పాపా. ఇది నీది.”

“నాకొద్దు.” ఆమె దాన్ని ముట్టుకోలేదు. “రేకులు కొట్టింది నువ్వే. నీ పని ఎవరూ కాదనలా. నాకు కావాల్సింది మాట. జ్యోతిలక్ష్మమ్మకు ఫోన్ చేసి చెప్పు.”

“చెప్తా. ఊరికి పోయినాక చెప్తా.”

“ఇప్పుడు చెప్పు.”

“ఒక్క వారం ఆగు.” అతని చూపు బల్ల మీది కాగితాల దొంతర మీదికి పోయింది. “వచ్చే శుక్రవారం దాటనీ. మనోళ్లంతా వస్తారు. నా కింద పని నేర్చుకున్న పిలకాయలు వస్తారు. ఈ దేశంలో మనోళ్లందర్నీ ఒకచోట చూసే ఆఖరు దినం నాకు అది. మాలలేసినాక నేనే అందరికీ చెప్తా. ఒక్క వారం, పాపా.”

యాభై ఏడేళ్ల మనిషి అలా అడుగుతుంటే నాగదుర్గకు జాలి వేసింది. సరే అనాలనిపించింది. వారంలో పోయేదేముంది? కానీ ఆ సత్కారానికి తనూ వస్తుంది. ముందు వరసలో కూర్చుంటుంది. తెర మీద చుక్కయ్య తల వంచుతాడు. అందరూ చప్పట్లు కొడతారు. పంచాయతీ ఆఫీసు ముందర కూర్చున్న పన్నెండేళ్ల పిల్లలాగా తనూ కొట్టాలి.

“నాకు తెలియనన్ని దినాలూ ఆగినా అన్నా. తెలిసినాక ఒక పూట గూడా ఆగలేను.”

అప్పుడే పెంచల్ పెరుగు డబ్బాతో లోపలికొచ్చాడు. ఇద్దరి ముఖాలూ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. “ఏమైందన్నా?” అన్నాడు.

మస్తాన్ వలి అతని వైపు చూశాడు, సత్కారం కాగితాల వైపు చూశాడు. తర్వాత టోపీ తలకు పెట్టుకుని, గుండీలు సరిచేసుకుని, నాగదుర్గ ఫోను అందుకున్నాడు.

“ఆ యమ్మకు చెయ్యి. వీడియో పెట్టు. రేయ్ పెంచలూ, నువ్వు గూడా కూర్చోని ఇను.”

జ్యోతిలక్ష్మి తెర మీదికొచ్చింది. వెనకాల గోడంతా టేపుల పెట్టెలు.

“అమ్మా, నేను మస్తాన్ వలిని. చుక్కయ్య రేకులు నేను కొట్టినా. లోపల నడిచింది, చెయ్యెత్తింది, తల వంచింది ఈ నాగదుర్గ. అది యంత్రం కాదు. నేను రాసిచ్చిన ఉత్తరం అబద్ధం. ఈ బిడ్డ నీళ్లు మోసేదానికి రాలా. ఆ ఎండలో నలభై దినాలు మేము దీనికి నీళ్లు మోసినాం.” అతను ఇత్తడి పిట్టను ఫోను ముందుకు తెచ్చాడు. “నా పేరు మీదున్న బహుమతి కొట్టెయ్యమ్మా. ఈ బిడ్డ పేరు పక్కన రాసినారే, తొలగించబడింది అని, ఆ మాట తీసెయ్యి. మీ జాబితాలో సరిగ్గా రాయి.”

పెంచల్ పెరుగు డబ్బా కింద పెట్టి, నాగదుర్గను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. “చుక్కయ్య... నువ్వా అక్కా?” అన్నాడు. “చిన్నప్పుడు నీ బొమ్మ నా పలక మీద గీసుకుంటి.”

ఇరవై ఎనిమిదేళ్లలో ఆ మాట నాగదుర్గతో ఎవరూ అనలేదు. ఆ రేకుల మూత ఇప్పుడు తీసినట్టు, ముఖానికి గాలి తగిలినట్టు అనిపించింది.

ఫోనులో జ్యోతిలక్ష్మి కూడా కళ్లొత్తుకుంది. “వలిగారూ, మీరు చెప్పింది రికార్డు చేశాను. మా నాన్న వంతు తప్పు కూడా రాస్తాను. కానీ...” ఆమె ఒక కాగితం చేతిలోకి తీసుకుంది. “నాగదుర్గగారూ, ఇది మీకెలా చెప్పాలో తెలియడం లేదు. ఉత్సవంవాళ్లు వలిగారి ఉత్తరం ఒక్కటే చూసి మీ పేరు తీసెయ్యలేదు. ఫైల్లో ఇంకో కాగితం ఉంది. నిన్ననే దొరికింది. ‘ఆ బొమ్మలో నా కూతురు లేదు, దాని పేరు తీసెయ్యండి’ అని. కింద వేలిముద్ర ఉంది. తిరుపాలమ్మ అని రాసుంది.”

“మాయమ్మా?”

“తేదీ చూడండి. వలిగారు ఉత్తరం రాయడానికి మూడు రోజుల ముందు.”

నాగదుర్గ మస్తాన్ వలి వైపు చూసింది. అతని ముఖంలో ఆమెకు కనపడింది ఆశ్చర్యమే, ఇంకేమీ లేదు. లోపల నా బిడ్డుంది గదరా అని గుట్టంతా వినపడేట్టు అరిచిన మనిషి, ఆ బిడ్డ లేదని వేలిముద్ర వేసిందా?

ఆమె జ్యోతిలక్ష్మికి మళ్లీ చేస్తానని చెప్పి, ఊరికి ఫోన్ చేసింది. రెండో రింగుకే తల్లి ఎత్తింది.

“దుర్గా, తిన్యావా?”

“అమ్మా, చుక్కయ్య లోపల నేను లేనని నువ్వు వేలిముద్ర ఏసినావంట. నిజమా?”

అవతల తలుపు గడియ వేసిన చప్పుడైంది.

“ఏసినా,” అంది తిరుపాలమ్మ. “నీ పక్కన వలి ఉండాడా? ఉంటే నువ్వు అవతలికి పో. ఇది వాడు వినకూడని మాట.”

ఫోను స్పీకరులోనే ఉంది. పెంచల్ నెమ్మదిగా లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు. మస్తాన్ వలి కూడా లేచాడు. కానీ బయటికి పోలేదు. గది తలుపు దగ్గరికి వేసి వచ్చి, నాగదుర్గ ఎదురుగా కూర్చున్నాడు.

“అడుగు పాపా,” అన్నాడు.

(మిగతాది వచ్చే వారం)